పొడి అక్షరం

జర్మనీకి చదువుకు పోతున్నానని తెలిసినప్పటి నుంచి కాలేజీ జూనియర్లు, చుట్టాల పిల్లలు ఫోన్ చేసి రెండే అడుగుతున్నారు. "అక్కా, ఐఈఎల్‌టీఎస్‌లో ఎంత వచ్చింది? మొత్తం ఎన్ని లక్షలైంది?" రెండూ చెప్తాను, దాచుకునేదేమీ లేదు. కానీ ఈ ఏడాదిలో నన్ను కూర్చోబెట్టి ఏడిపించింది ఆ ఇంగ్లీషు పరీక్షా కాదు, డబ్బూ కాదు. నా పేరు. ఇంకా సరిగ్గా చెప్పాలంటే నా పేరు ముందున్న ఒక్క పొడి అక్షరం.

మాది చిత్తూరు జిల్లా గుడిపాల మండలంలో ఒక పల్లె. జ్వరమొస్తే చిత్తూరు, జాస్తి అయితే రాయవేలూరు. తెలుగింట్లో తమిళ కోడళ్ళు, తమిళ ఇంట్లో తెలుగు కోడళ్ళు మాకు మామూలే. అరవం వాళ్ళు ఇంటిపేరు రాసుకోరు, తండ్రి పేరులో మొదటి అక్షరం పెట్టుకుంటారు. మన తెలుగువాళ్ళకేమో ఇంటిపేరు ముందుండాలి. మా ఊళ్ళో ఈ రెండు పద్ధతులూ కలిసిపోయి, ఒకే ఇంట్లో అన్నకొక రకం, చెల్లెలికొక రకం ఉంటుంది.

నన్ను బడిలో చేర్చడానికి తాత తీసుకుపోయాడు. సారు "ఇనిషియల్ ఏంది పెద్దాయనా?" అంటే తాత "ఎం" అన్నాడు. ఎం అంటే మా నాయన పేరు మొదటి అక్షరం. పూర్తి పేరు ఇక్కడ రాయను, నాయనకు ఇష్టముండదు. కానీ మా వైపు "ముని"తో మొదలయ్యే పేర్లున్న మగవాళ్ళు ఏ వీధిలోనైనా నలుగురుంటారు కాబట్టి సగం చెప్పినట్టే. అలా పదో తరగతి మార్కుల లిస్టులో, దాన్ని చూసి ఇంటర్‌లో, ఇంటర్‌ను చూసి బీటెక్‌లో, అంతటా ఎం. ఉండిపోయింది.

ఆధార్ తీయడానికి ఊరికి వచ్చిన అబ్బాయి రేషన్ కార్డు చూసి ఇంటిపేరు మొత్తం టైపు చేశాడు. పాన్ కార్డు, బ్యాంకు ఖాతా దాన్ని పట్టుకుని నడిచాయి. ఇక పాస్‌పోర్టు. తిరుపతి పాస్‌పోర్టు సేవా కేంద్రంలో కౌంటర్ మీదున్న మేడమ్ నా టెన్త్ లిస్టు చూసి, "పొడి అక్షరాలు కుదరవమ్మా, విడదీసి రాయాలి. ఎం అంటే ఏమిటి?" అంది. మా నాయన పేరు మేడమ్ అన్నాను. సర్‌నేమ్ గడిలో మా నాయన పేరు పడింది. బయటికి వచ్చి చెరుకు రసం తాగి, పనైపోయిందని సంతోషంగా బస్సెక్కాను.

అంటే ఏమైంది? చదివింది ఒక మనిషి. విమానం ఎక్కాల్సింది ఇంకో మనిషి. డబ్బులున్నది మూడో మనిషి ఖాతాలో. ముగ్గురూ నేనే. ఆ సంగతి మా ఊళ్ళో కుక్కకు కూడా తెలుసు గానీ కాగితానికి తెలియదు.

ఇది మొదట బయటపడింది ఏపీఎస్ దగ్గర. జర్మనీకి చదువు వీసా అడగాలంటే మన దేశం వాళ్ళకు 2022 నవంబరు నుంచి ఏపీఎస్ సర్టిఫికెట్ తప్పనిసరి. మన మార్కుల లిస్టులు అసలువో కావో ఢిల్లీలోని వాళ్ళ ఆఫీసు చూసి సర్టిఫికెట్ ఇస్తుంది. ఫీజు 18,000 రూపాయలు. కాగితాలన్నీ కొరియర్ చేయడానికి కవరు అంటించబోతూ, చివరిసారి వరసగా మంచం మీద పరిచి చూశాను. పాస్‌పోర్టు పక్కన టెన్త్ లిస్టు. అప్పుడు కనిపించింది. అంతవరకు నాకెందుకు తట్టలేదో నేను చెప్పలేను. మన పేరును మనం చదవం కదా, చూస్తాం అంతే.

కాలేజీ గ్రూపులో అడిగితే ఒక సీనియర్ చెప్పాడు, "వన్ అండ్ ద సేమ్ అఫిడవిట్ చేయించి పెట్టు." మరుసటి రోజు చిత్తూరు కోర్టు దగ్గరికి పోయాను. అక్కడ జెరాక్సు షాపులో ఒక అబ్బాయి అఫిడవిట్లు టైపు చేస్తాడు. మూడు కార్డులూ చూపించి సంగతి చెప్పాను. తల ఊపి, స్క్రీన్ వంక చూస్తూ టకటకా కొట్టేశాడు. ప్రింటు తీసి చేతిలో పెడితే చదివాను. నా మొదటి పేరు, అలియాస్ నా రెండో పేరు, అలియాస్ నా మూడో పేరు.

"అన్నా, అలియాస్ ఏందన్నా? నేనేమన్నా దొంగనా?"

"అందరికీ అదే కొడతాం మేడమ్."

"అందరంటే ఎవరు?"

కాసేపు ఆలోచించాడు పాపం. అతని దగ్గరికి రోజూ వచ్చే కేసులన్నీ అలాంటివే మరి. ఈ కాగితాన్ని ఒక జర్మన్ ఆఫీసరు చదువుతాడని చెబితే నవ్వి, అలియాస్ తీసేసి, ఈ మూడు పేర్లూ ఒకే మనిషివని పెట్టాడు. వంద రూపాయల స్టాంపు కాగితం, నోటరీ సంతకం, ముద్ర, అన్నీ కలిపి నాలుగు వందలు.

ఆ కాగితం చూసి మా అవ్వ ఒక మాట అంది. "కాణిపాకంలో తలకు నీళ్ళు పోసుకోని ప్రమాణం చేస్తే సరిపోదా?" మా జిల్లాలో అప్పుల తగాదాలకు, గట్ల తగాదాలకు వినాయకుడి ముందు ప్రమాణం చేస్తే నోరెత్తేవాళ్ళుండరు. నోటరీ కంటే ఆ కోనేటి నీళ్ళే గట్టి. ఢిల్లీలో ఆ కౌంటర్ లేదవ్వా అన్నాను.

ఏపీఎస్ వచ్చింది. అఫిడవిట్ వల్ల వచ్చిందో, అది లేకపోయినా వచ్చేదో చెప్పలేను. కానీ ఇది చదివే పిల్లలకు నేను గట్టిగా చెప్పే మాట ఇదొక్కటే: ఐఈఎల్‌టీఎస్‌కు ఫీజు కట్టే ముందు, దేశం ఏదని ఆలోచించే ముందు, మీ పాస్‌పోర్టూ టెన్త్ లిస్టూ పక్కపక్కన పెట్టుకుని పైకి చదవండి. అమెరికాకు పోయేవాళ్ళకూ ఇదే తలనొప్పి. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటే, వాళ్ళ డీఎస్-160 వీసా ఫారంలో ఉన్న పేరంతా సర్‌నేమ్‌లో రాసి, గివెన్ నేమ్ దగ్గర ఎఫ్‌ఎన్‌యూ అని పెట్టాలి. మొదటి పేరు తెలియదు అని దానర్థం. మా ఫ్రెండ్ ఒకడు అక్కడ ఏడాదిగా మిస్టర్ ఎఫ్‌ఎన్‌యూగా బతుకుతున్నాడు. పిజ్జా కూడా ఆ పేరుతోనే వస్తుందట.

ఇక ఇంగ్లీషు. చెన్నైలో రాశాను, మొత్తం 7 వచ్చింది, రైటింగ్‌లో 6. స్పీకింగ్‌లో ఒక చీటీ ఇచ్చి, ఒక్క నిమిషం ఆలోచించుకోమని, రెండు నిమిషాలు ఆపకుండా మాట్లాడమంటారు. నాకు వచ్చిన చీటీ, మీరు చూసిన బాగా రద్దీగా ఉండే చోటు గురించి చెప్పండి అని. తిరుపతిలో నాలుగేళ్ళు హాస్టల్లో ఉండి చదువుకున్న పిల్లకు ఆ ప్రశ్న! వైకుంఠం క్యూ కాంప్లెక్సులో ఒక రాత్రంతా కంపార్ట్‌మెంటులో కూర్చున్నది చెప్పాను. చంటిపిల్లలకు పాలిచ్చేవాళ్ళు, గేటు తెరవగానే గోవిందా అని లేచి పరిగెత్తే గుంపు, లోపల ఆయన ముందు ఉండేది నాలుగు సెకన్లు. రెండు నిమిషాలు అయ్యాక పరీక్ష పెట్టే ఆవిడ, నాలుగు సెకన్ల కోసం అంతసేపా అని అడిగింది. అది ఆవిడ పేపర్లో ఉన్న ప్రశ్న కాదనుకుంటాను. అవును, బయటికి వచ్చాక ఇంకోసారి పోవాలనిపిస్తుంది అన్నాను. స్పీకింగ్‌లో 7.5 ఇచ్చింది.

మార్కుల లెక్క మా ఇంట్లో పెద్ద గొడవ. జర్మనీలో 1 అంటే అందరికంటే మేలు, 4 అంటే పాస్, 5 అంటే ఫెయిల్. మన మార్కులను అటు మార్చడానికి బవేరియన్ ఫార్ములా అని ఒకటుంది. గరిష్ఠ మార్కులోంచి మన మార్కు తీసేసి, గరిష్ఠానికీ పాస్ మార్కుకూ ఉన్న తేడాతో భాగించి, మూడుతో హెచ్చించి, ఒకటి కలపాలి. నా సీజీపీఏ పదికి 7.9. పాస్ మార్కు 4 అనుకుంటే 2.05 వస్తుంది, 5 అనుకుంటే 2.26. కొన్ని కోర్సులకు 2.5 దాటితే తలుపు దగ్గరికి కూడా రానివ్వరు కాబట్టి ఆ పాస్ మార్కు ఎంతో మార్కుల లిస్టు వెనక చూసి, లేకపోతే కాలేజీ నుంచి రాయించుకోవాలి. నాకు ఆ ఒక్క లెటర్ కోసం పదకొండు రోజులు పట్టింది. సంతకం పెట్టాల్సిన ఆయన మొదటి వారం సెలవు, రెండో వారం మీటింగు.

నాయనకు 2.05 అని చెప్పాను. పొలం నుంచి అప్పుడే వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు.

"పదికి రెండా?"

"కాదు నాయనా, అక్కడ తక్కువ వస్తే మంచిది."

నా మొహంలోకి ఒకసారి చూశాడు. చిన్నప్పుడు ప్రోగ్రెస్ కార్డు దాచిన పిల్లను చూసినట్టు. నా మాట నమ్మలేదు. సాయంత్రం మా మామకు ఫోన్ చేసి కనుక్కున్నాడు, నాకు తెలుసు.

కన్సల్టెన్సీ సంగతి ఎక్కువ రాయను. తిరుపతిలో ఒకదానికి పోయాను, పేరెందుకు. ప్రభుత్వ యూనివర్సిటీలు అడుగుతుంటే ప్రైవేటువి చూపిస్తారు. ఎందుకో తర్వాత అర్థమైంది, అక్కడ చేర్పిస్తే వాళ్ళకు కమీషన్ ముడుతుంది, ప్రభుత్వ యూనివర్సిటీ పైసా ఇవ్వదు. జర్మనీలో చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో మనకు కూడా ట్యూషన్ ఫీజు లేదు, ఆర్నెల్లకొకసారి సెమిస్టర్ చందా మాత్రం కట్టాలి. బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మాత్రం 2017 నుంచి యూరప్ బయటివాళ్ళకు సెమిస్టర్‌కు 1,500 యూరోలు. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ కూడా 2024 చలికాలం సెమిస్టర్ నుంచి తీసుకుంటోంది. ఈ ఫీజులున్నవాటిని ముందే కొట్టేశాను. మిగిలిన ఐదింటికి, యూనివర్సిటీల తరఫున అప్లికేషన్లు తీసుకునే యూని-అసిస్ట్ ద్వారా పెట్టాను. మొదటిదానికి 75 యూరోలు, తర్వాత ఒక్కోదానికి 30. మొత్తం 195. ఇదంతా ఎవరి సాయం లేకుండా చేసుకోవచ్చు, ఓపిక ఉండాలి అంతే.

కన్సల్టెన్సీ వల్ల ఒక మేలు మాత్రం జరిగింది. వాళ్ళు నమూనా ఎస్ఓపీ, అంటే ఆ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నామో యూనివర్సిటీకి రాసే లెటర్, ఒకటి ఇచ్చారు. "చిన్నప్పటి నుంచి నాకు ఆహార శాస్త్రం అంటే అమితమైన ఆసక్తి" అని మొదలవుతుంది. నా పక్క కుర్చీలో కూర్చున్న అబ్బాయి చేతిలోనూ అదే, ఆహార శాస్త్రం బదులు డేటా సైన్స్. అది చూశాక నాది నేనే రాసుకోవాలని నిర్ణయించుకున్నాను.

బీటెక్ బయోటెక్నాలజీ అయ్యాక రెండేళ్ళు చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో క్వాలిటీ ల్యాబులో చేశాను. సీజన్లో అరగంటకొకసారి లైను మీది నుంచి గుజ్జు తెస్తారు. గుజ్జులో తీపి ఎంతుందో కొలవడానికి రిఫ్రాక్టోమీటర్ అని చేతిలో పట్టేంత గొట్టం ఉంటుంది. దాని గాజు పలక మీద ఒక్క చుక్క వేసి, మూత వాల్చి, కిటికీ వెలుతురుకు ఎత్తి కంటికి ఆనిస్తే లోపల నీలం, తెలుపు కలిసే గీత కనిపిస్తుంది. తోతాపురికి ఆ గీత 14 మీద గానీ పైన గానీ ఉండాలి. పదమూడున్నర దగ్గర ఆగితే ఆ బ్యాచ్ పక్కకు పోతుంది. తర్వాత పలకను తడి గుడ్డతో తుడవాలి, లేకపోతే చక్కెర గట్టిపడి తర్వాతి చుక్కకు అబద్ధం చెబుతుంది. రాత్రి షిఫ్టు అయ్యేసరికి కంటి చుట్టూ గుండ్రంగా రబ్బరు అచ్చు పడేది. అమ్మ దాన్ని చూసి, నిన్నెవరు కొట్టినారు అని అడిగింది ఒకసారి.

ఎస్ఓపీ అక్కడే మొదలుపెట్టాను, ఆ చుక్క దగ్గర. రెండో పేరాలో ఫ్యాక్టరీ వెనక గోడ. కాయలో మూడో వంతుకు పైగా తొక్కా టెంకే, అదంతా అక్కడ కుప్ప పోస్తారు. జూన్ వానకు అది పులిసి, ఈగలు ముసిరి, ఆ దారిన పోయే స్కూలు పిల్లలు ముక్కు మూసుకుని పరిగెత్తుతారు. ఆ తొక్కలో జామ్ గట్టిపడటానికి వేసే పెక్టిన్ ఉంది, పీచు ఉంది. దాన్ని తీసి అమ్మగలిగితే రైతుకు కాయకొక రూపాయి జాస్తి ఇవ్వొచ్చా లేదా, అది నేర్చుకోవడానికి వస్తున్నాను అని రాశాను. ఆసక్తి అనే మాట ఒక్కసారి కూడా వాడలేదు. మూడు యూనివర్సిటీలు వద్దన్నాయి, రెండు రమ్మన్నాయి.

డబ్బు సంగతి. ట్యూషన్ ఫీజు లేకపోయినా, అక్కడ ఒక ఏడాది బతకడానికి సరిపడా సొమ్ము ముందే బ్లాక్డ్ అకౌంటులో వేసి చూపించాలి. 2025లో అది 11,904 యూరోలు, నెలకు 992 చొప్పున మనకే తిరిగి ఇస్తారు. నేను పంపేనాటికి యూరో వంద రూపాయలు దాటింది. పన్నెండు లక్షల పైమాటే.

మాకు మూడెకరాల మామిడి తోట ఉంది. తాత నాటిన చెట్లు. అది తాకట్టు పెట్టి ఎడ్యుకేషన్ లోన్ తీసుకుందామనుకున్నాం. బ్యాంకులో మేనేజరు పాస్‌బుక్కు తిరగేసి, మర్యాదగానే, వెనక్కి ఇచ్చేశాడు. "వ్యవసాయ భూమి తీసుకోమమ్మా." అప్పు తీరకపోతే బ్యాంకులు తాకట్టు ఆస్తిని కోర్టుకు పోకుండా స్వాధీనం చేసుకునే వీలు 2002లో వచ్చిన సర్ఫేసీ చట్టం ఇచ్చింది. వ్యవసాయ భూమిని ఆ చట్టం నుంచి తప్పించారు. రైతు భూమి పోకూడదనే పెట్టిన నిబంధన. తప్పనడానికి లేదు. కానీ దానివల్ల, కాయ కాసే మూడెకరాలు ఆ టేబుల్ మీద సున్నా అయ్యాయి. నాయన పాస్‌బుక్కును మళ్ళీ ప్లాస్టిక్ కవర్లో పెట్టి, కవరు రెండు మడతలు పెట్టి, జేబులో పెట్టుకున్నాడు. బయటికి వచ్చేదాకా ఏమీ మాట్లాడలేదు. వచ్చాక, "ఎండ జాస్తిగా ఉండాది, మజ్జిగ తాగుదామా" అన్నాడు.

చివరికి చిత్తూరు టౌన్లో మా మామ ఇల్లు పెట్టాం. అడగడానికి పోయిన రోజు అత్త అన్నం పెట్టింది గానీ సరిగ్గా మాట్లాడలేదు. ఆమెను తప్పు పట్టను, ఆ ఇంటి మీద ఆమె పిల్లలకు కూడా లెక్కలుంటాయి. నాలుగు రోజుల తర్వాత ఆమే ఫోన్ చేసి, లింకు డాక్యుమెంట్లు అన్నీ తీసి పెట్టినాను, వచ్చి తీసుకోని పో అంది. ఆస్తి మీద అప్పులేమైనా ఉన్నాయా అని చూపే ముప్పై ఏళ్ళ ఈసీ, లాయరు ఒపీనియన్, వాల్యుయేషన్ అయ్యాక మేనేజరు నా ఫైలు చూసి తలెత్తాడు. "ఇదేమిటమ్మా, అడ్మిషన్ అడిగింది ఒకరు, పాన్ కార్డు ఇంకొకరిది?" బ్యాగులోంచి అఫిడవిట్ తీశాను. అప్పటికి ఐదు కాపీలు చేయించి పెట్టుకున్నాను. (లోన్ డబ్బుతో పంపితే 2025 ఏప్రిల్ నుంచి టీసీఎస్ అనే పన్ను కోత లేదు. సొంత డబ్బైతే పది లక్షలు దాటిన దాని మీద పడుతుంది. అడిగి తెలుసుకోండి.)

వీసా చెప్పేంత పెద్ద కథ కాదు. చెన్నై పోయి ఫైలు ఇచ్చాను, వేలిముద్రలు తీసుకున్నారు, ఫీజు 75 యూరోలకు సమానమైన రూపాయలు. టెన్షన్ మాత్రం ఉంది, ఎందుకంటే వీసా కాదంటే మళ్ళీ చూడండని రాసుకునే వీలును జర్మనీవాళ్ళు 2025 జులై 1 నుంచి ఎత్తేశారు. కాదంటే మళ్ళీ మొదటి నుంచి, లేదా అక్కడి కోర్టుకు. హైదరాబాదులో ఉన్న మా చిన్నమ్మ చిలుకూరు బాలాజీ గుళ్ళో నా పేరు మీద పదకొండు ప్రదక్షిణలు చేసింది, వచ్చాక నూట ఎనిమిది చేయాలట. నాలుగేళ్ళు ఏడుకొండల కింద చదువుకున్న పిల్లకు వీసా ఇప్పించడానికి అదే స్వామి హైదరాబాదు బ్రాంచిలో మొక్కులు! అమ్మ మాత్రం ఊరి స్వామికి అన్యాయం చేయకూడదని అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కుతానని మొక్కుకుంది. గత నెల స్టాంపు పడి పాస్‌పోర్టు వచ్చింది. అమ్మ మోకాళ్ళకు ఇప్పుడు నూనె రాస్తున్నాను.

అడ్మిషన్ లెటర్ వచ్చిన రాత్రి గురించి చెప్పలేదు ఇంకా.

2025లో తోతాపురి ఎలా పోయిందో మా జిల్లావాళ్ళకు చెప్పక్కర్లేదు. కాయ విరగకాసింది, కొనేవాడు లేడు. ప్రభుత్వం కిలోకు 12 రూపాయలని ప్రకటించింది, ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4. కానీ ముందు కాయ గేటు లోపలికి పోవాలి కదా. ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు రోజుల తరబడి నిలబడ్డాయి. నేను లోపల ఏసీ ల్యాబులో గుజ్జు చుక్కలు చూస్తున్నాను, నాయన అదే ఫ్యాక్టరీ బయట రోడ్డు మీద నాలుగు టన్నుల లోడుతో రెండో రాత్రి గడుపుతున్నాడు. నువ్వు లోపలుంటావు కదా, ఒక మాట చెప్పి ముందుకు తీయించుకోరాదా అని పక్క ట్రాక్టరు వాళ్ళు నన్ను అడిగారు. ఒకసారి సూపర్‌వైజర్ దగ్గరికి పోయి నిలబడ్డాను. ఆయన మొహం చూసి తిరిగి వచ్చేశాను.

రాత్రి ఎనిమిదిన్నరకు, అక్కడ సాయంత్రం ఐదు, ఫోన్‌కు మెయిల్ వచ్చింది. షిఫ్టు అయ్యేదాకా తెరవలేదు. తెరిచాక రెండుసార్లు చదివి, క్యాంటీనులో నాలుగు చపాతీలు కట్టించుకుని గేటు బయటికి నడిచాను. రోడ్డు పొడవునా ట్రాక్టర్లు, కింద జోగుతున్న మనుషులు, ట్రక్కుల సందుల్లోంచి కారుతున్న రసం. మాగిపోయిన కాయల వాసన. లోపల ఆ వాసనకు లెక్క ఉంటుంది, బయట అది నష్టం వాసన.

నాయన ట్రాక్టరు సీటు మీదే కూర్చుని ఉన్నాడు. చపాతీలు ఇచ్చి, సీటొచ్చింది నాయనా అన్నాను.

"చదువు."

లెటర్ జర్మన్‌లో ఉంది. నాకు వచ్చిన ఏ1, అంటే మొదటి మెట్టు, జర్మన్‌తో మొదటి లైను పైకి చదివాను. వాళ్ళు అమ్మాయిలను ఫ్రౌ అని పిలిచి సర్‌నేమ్ పెడతారు. నా పాస్‌పోర్టు సర్‌నేమ్ గడిలో ఉన్నదేమో మా నాయన పేరు. గౌరవనీయురాలైన శ్రీమతి, పక్కన ఆయన పేరు, పూర్తిగా, పొడి అక్షరం కాదు.

నమలడం ఆపేశాడు. "నా పేరెందుకు రాసినారు?"

చెప్పాను. తిరుపతి కౌంటర్ దగ్గర మేడమ్ అడిగింది, నేను చెప్పింది, అంతా. అక్కడ రెండేళ్ళు నన్నందరూ ఈ పేరుతోనే పిలుస్తారని చెప్పాను. క్లాసులో, బ్యాంకులో, ఇంటి తలుపు మీద.

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత చేతులు లుంగీకి తుడుచుకుని ఫోన్ ఇటివ్వమన్నాడు. వెలుతురు ఎక్కువ చేసి ఇచ్చాను. ఏడో తరగతి దాకా చదివిన ఇంగ్లీషుతో, సొన అంటి నల్లబడిన వేలు స్క్రీన్ మీద ఒక్కో అక్షరం కింద పెట్టుకుంటూ, పెదవులు కదుపుతూ పోయాడు. వేలు తగిలి పేజీ జారిపోతే మళ్ళీ మొదటికి వచ్చాడు.

"అన్నీ ఉండాయి," అన్నాడు. ముందు ట్రాక్టరు కదిలింది. ఫోన్ నా చేతిలో పెట్టి తాళం తిప్పాడు.